వీసం లెక్క, యూక్లిడ్ పాఠం, గ్రాఫు కాగితం

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పెద్ద ఉత్తరమొకటి రాశాడు. జిల్లాలో బడులెన్ని, చదివేదెవరు, నేర్చుకునేదేమిటి అని అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ అడిగిన ప్రశ్నలకు అది జవాబు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి చేతులు దులుపుకున్నారు. క్యాంబెల్ అలా చేయలేదు. అప్పటికే తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ రాసి అచ్చు వేయించిన మనిషి. వీధిబడిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూసి రాశాడు. అందుకే మన పల్లెల్లో రెండు వందల ఏళ్ల కిందట లెక్కలు ఎలా చెప్పేవారో, ఎందుకు చెప్పేవారో ఈ రోజు అంత స్పష్టంగా తెలుస్తోంది.

అప్పటి బళ్ళారి జిల్లా అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసిన దత్తమండలపు ముక్క. అక్కడ 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి. ఆడపిల్లలు మాత్రం 60 మంది. ఈ చివరి అంకె దగ్గర ఆగకుండా వీధిబడి గొప్పతనాన్ని పొగిడేవాళ్లు చరిత్రలో సగం పేజీ చించేసినట్టే.

బడి తెల్లవారుజామున ఆరింటికి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్నా: పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చే కుర్రవాడు గుమ్మంలోనే లోపలున్న తలలు లెక్కపెట్టుకుని, అందులోంచి ఒకటి తీసేసి, తనకు రాబోయే దెబ్బలెన్నో తేల్చుకోగలడు. కూడికలూ తీసివేతలూ ఒళ్లు హూనమయ్యేలా నేర్పిన బడి అది.

అక్షరాలు ముందు ఇసుకలో వేలితో. తర్వాత బియ్యపు గంజీ బొగ్గుపొడీ పూసిన పలక మీద, లేదా గంజి పెట్టి బిరుసు చేసిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి నల్లగా పూత పూసిన కడితం మీద, బలపంతో. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తది. ఖర్చు లేని ఈ పద్ధతినీ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పే ఏర్పాటునూ క్యాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లాండుకు అప్పటికే ఈ రెండో ఏర్పాటు చేరింది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చు వేస్తే, ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అక్కడి పేదపిల్లల బడుల్లో పాకిపోయింది.

లెక్కల దగ్గరికి వచ్చేసరికి క్యాంబెల్‌కు వింతగా తోచిన సంగతి ఒకటుంది. భిన్నాల మీద పంతుళ్లు పెట్టే శ్రద్ధ అంతా ఇంతా కాదు. ఆ భిన్నాలు పదుల్లో దిగవు, నాలుగుల్లో దిగుతాయి. కాలులో కాలు వీసం, అంటే పదహారో వంతు. వీసంలో కాలు కాని, అంటే అరవై నాలుగో వంతు. అలా కిందికి చాలా దూరం. వీటికి తెలుగు లిపిలో విడిగా గుర్తులు ఉండేవి. ఒక మెట్టుకు నిలువు గీతలు, తర్వాతి మెట్టుకు అడ్డగీతలు. ఒకటి, రెండు, మూడు గీతలు గీస్తే ఆ మెట్టులో అన్ని వంతులని అర్థం. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పిల్లలంతా వరసలు కట్టి నిలబడి ఎక్కాలు, భిన్నాలు, కొలతలు, తూనికలు గొంతెత్తి వల్లించేవారు.

ఇంత చిన్న వంతులు పల్లెటూరి పిల్లవాడికి ఎందుకు? ఊళ్లో శిస్తు పంచుకునే లెక్క అదే కాబట్టి. కోస్తాలోనూ దత్తమండలాల్లోనూ వీసబడి అనే పద్ధతి ఉండేది. ఊరంతటినీ పదహారు వీసాలుగా అనుకుని, మొత్తం శిస్తును ఆ వాటాల ప్రకారం రైతులు తమలో తాము సర్దుకునేవారు. ఊరి శిస్తు 1,600 వరహాలనుకుంటే వీసం వాటా ఉన్నవాడి వంతు 100, కాని వాటా ఉన్నవాడి వంతు 25. కరణం చదివే అంకె రైతు కొడుక్కి నోటికి రాకపోతే ఆ ఇల్లు మోసపోతుంది. రూపాయి కూడా అదే అచ్చులో ఉండేది: పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. వీసం చెబితే అణా వచ్చేస్తుంది. బడిలో వల్లించినదీ, సంతలో మాట్లాడేదీ, కరణం కవిలెకట్టలో రాసేదీ ఒకటే లెక్క. పంతులు ఏ లక్ష్యంతో గణితం చెబుతున్నాడో కాగితం మీద రాయనక్కర్లేని కాలం అది.

అలాగని గణితం అంటే బేరసారాల లెక్కేనని తెలుగువాళ్లు అనుకోలేదు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మిగిలిన తొలి శాస్త్రగ్రంథాల్లో అది ఒకటి. ఒక లెక్కను పద్యంగా వినడం, మనసులో విప్పుకోవడం, జవాబు రాగానే ఆనందించడం అనే అలవాటు చదువుకున్న ఇళ్లలో ఉండేది. కానీ ఆ సంతోషం కొద్దిమంది సొత్తు. వీధిబడికి పద్యగణితం అందలేదు, ఎక్కాలే అందాయి. కారణం కూడా క్యాంబెల్ ఉత్తరంలోనే ఉంది: పిల్లలు తమకు అర్థం కాని పాత పద్యాలను చిలకపలుకుల్లా అప్పజెబుతున్నారు. ఇంకో మాట కూడా రాశాడు. ఇంగ్లాండు నూలు బట్ట వచ్చి నేతపని దెబ్బతిని, జనం పేదవాళ్లై, ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు బడి లేదని. కుంఫిణీ కలెక్టరు స్వయంగా తన ప్రభుత్వానికి రాసిన మాట ఇది.

మన్రో 1826లో లెక్క తేల్చాడు: మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. తాలూకాకొక బడి పెట్టాలన్నాడు. మరుసటి ఏడాది దత్తమండలంలో పర్యటిస్తూ కలరాతో పోయాడు, ఆ పథకమూ ఎంతో కాలం నిలవలేదు.

తర్వాత వచ్చిన హైస్కూలు వేరే జాతిది. చదువుల మీద 1854 నాటి వుడ్ తాఖీదు, దాని వెంబడే 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, దాని గుమ్మంలో మెట్రిక్యులేషన్ పరీక్ష. రాజమండ్రిలోనో బందరులోనో హైస్కూలుకు వచ్చిన పిల్లవాడి ముందు ఇప్పుడు యూక్లిడ్ కూర్చున్నాడు. సమద్విబాహు త్రిభుజంలో భూమి దగ్గరి కోణాలు సమానమని ఇంగ్లీషులో, యూక్లిడ్ చెప్పిన వరసలోనే, ఆ మాటల్లోనే నిరూపించాలి. దీనివల్ల బుద్ధికి పదును వస్తుందని ఇంగ్లాండులో అప్పటి నమ్మకం. నమ్మకం మంచిదే. ఏ మాటా ఊరికే ఒప్పుకోకుండా ప్రతిదానికీ కారణం అడగడం యూక్లిడ్ దగ్గర నేర్చుకోదగిన గుణం. కానీ పరీక్షకు కావాల్సింది కారణం అడిగే కుర్రవాడు కాదు. ఏడో ప్రతిపాదన, తొమ్మిదో ప్రతిపాదన అని నంబరు చెప్పగానే అక్షరం పొల్లు పోకుండా రాసేవాడు కావాలి. వీధిబడిలో ఎక్కం వల్లించిన గొంతే హైస్కూల్లో యూక్లిడ్‌ను వల్లించింది. తేడా ఒకటే: ఎక్కం రేపు అంగట్లో పనికొస్తుంది, యూక్లిడ్ పరీక్ష గదిలో పనికొస్తాడు. మెట్రిక్ ప్యాసైతే కచేరీలో గుమాస్తా ఉద్యోగం, ఫెయిలైతే ఇంటిదారి. గణితాన్ని జల్లెడగా వాడడం మనకు అలవాటైంది ఇక్కడే.

ఇంగ్లాండులోనే యూక్లిడ్ మీద తిరుగుబాటు లేచింది. 1901లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రవేత్తల సభలో జాన్ పెర్రీ అనే ఇంజనీరింగు ఆచార్యుడు నిలబడి, పిల్లలకు కొలవడం నేర్పండి, గళ్ల కాగితం మీద గ్రాఫులు గీయించండి, లాగరిథం పట్టికలు వాడనివ్వండి, నిరూపణలు తర్వాత చూసుకోవచ్చు అన్నాడు. రెండేళ్లకు కేంబ్రిడ్జి తన పరీక్షల్లో యూక్లిడ్ వరసే పాటించాలన్న పట్టు వదిలింది. ఆ గాలి మద్రాసుకూ తగిలింది. హాల్ అండ్ స్టీవెన్స్ జ్యామెట్రీ, హాల్ అండ్ నైట్ ఆల్జీబ్రా మన హైస్కూళ్లలో తాతముత్తాతల ఆస్తిలా తరాలు మారాయి. హైస్కూలు చివరి పరీక్షగా ఎస్సెల్సీ వచ్చాక అందరికీ కొంత గణితం, ఇష్టమైనవాళ్లకు విడిగా ఆల్జీబ్రా-జ్యామెట్రీ అనే విభజన కూడా వచ్చింది. అందరికీ ఎంత కావాలి, కొందరికి ఎంత కావాలి అన్న ప్రశ్నకు అది మొదటి జవాబు. ఆ ప్రశ్న ఈ రోజుకీ తెగలేదు.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1917లో అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, పై చదువంతా ఉర్దూలో సాగింది. వరంగల్లులో, కరీంనగరులో తెలుగు ఇంటి పిల్లవాడు త్రిభుజాన్ని ముసల్లస్ అనీ, వృత్తాన్ని దాయిరా అనీ నేర్చుకుని హైస్కూలు దాటాడు. బీజగణితం అతనికి జబ్ర్-ఒ-ముకాబలా. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయం దాకా గణితం చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. అదే సమయంలో ఇంటి భాష వేరైన లక్షల మందికి గడప ఎత్తు పెంచిన ప్రయత్నం కూడా. వీళ్లకు ఇంకో లెక్క అదనం. హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిషు కల్దారు రూపాయలు ఆరు. సరిహద్దు దాటి సంతకు వెళ్లే ప్రతి ఇంట్లో నిష్పత్తి పాఠం ఇలా రోజూ జరిగేది.

ఈ నూరేళ్ల పైచిలుకు కాలంలో గణితం ఎందుకు అన్న ప్రశ్నకు మనదైన జవాబు ఒక్కటి వచ్చింది. అది వార్ధా నుంచి. 1937 అక్టోబరులో గాంధీజీ పిలిచిన సభ, దాని తర్వాత జాకిర్ హుసేన్ సంఘం, చేతిపని చుట్టూ చదువును అల్లాలని చెప్పాయి. రాట్నం ముందు కూర్చున్న పిల్లకు గణితం ఎలా వస్తుందని చాలామంది నవ్వారు. నవ్వాల్సిందేమీ లేదు. నూలు నంబరు అనేదే ఒక నిష్పత్తి: పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది అన్నో నంబరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వడికే సన్న నూలు వందో నంబరు. అంటే పౌను నూలు విప్పి పరిస్తే 84,000 గజాలు, 76 కిలోమీటర్లకు పైన. నంబరు పెరిగితే దారం సన్నబడుతుందని వేలికి తెలుస్తుంది. పొడవుకూ బరువుకూ ఉన్న సంబంధం లెక్కలో తెలుస్తుంది. విలోమానుపాతాన్ని నల్లబల్ల మీద చూసిన పిల్లలకు ఇంత గట్టిగా పట్టుబడదు. ‘బేసిక్ విద్య’ అనే ఈ పద్ధతి ఎందుకు ఓడిందంటే, దాని లోపాల కంటే ముందు దాని చివర ఏ ఉద్యోగ పరీక్షా లేకపోవడం వల్ల. తల్లిదండ్రులకు హైస్కూలు కావాలి, హైస్కూలుకు ఎస్సెల్సీ కావాలి. రాట్నం లెక్క ఎస్సెల్సీలో అడగరు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. మరుసటి ఏడాది నుంచి మెట్రిక్ తూనికలూ కొలతలూ మొదలయ్యాయి. బడిలో ఈ మార్పు ఎంత పెద్దదో ఇప్పుడు ఊహించడం కష్టం. అప్పటిదాకా అంకగణితంలో పెద్ద భాగం రూపాయలు-అణాలు-పైల తగాదా. రూపాయికి 192 పైలు. మణుగులు, వీశెలు, తులాలు. గజాలు, అడుగులు, అంగుళాలు. పిల్లల కాలం సగం వీటిని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడంలోనే గడిచిపోయేది. ఆ భారమంతా ఒక్కసారి దిగింది. దానితోపాటే వీసం, కాని కూడా బడి నుంచి వెళ్లిపోయాయి, వెయ్యేళ్ల సేవకు చివరి నమస్కారమైనా లేకుండా. ఖాళీ అయిన ఆ పీరియడ్లలో ఏం పెట్టాలన్నది కొత్త ప్రశ్న.

జవాబు దూరం నుంచి వచ్చింది. 1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికా ఉలిక్కిపడి తన పిల్లల లెక్కల పుస్తకాలు తిరగరాయించింది. కూడికలకంటే ముందు సమితులు, సమీకరణాలకంటే ముందు తర్కం. ‘కొత్త గణితం’ అనే ఆ అల మన దేశానికీ చేరింది. 1964-66లో కొఠారి కమిషన్ మొదటి పదేళ్ల చదువులో గణితం ప్రతి పిల్లవాడికీ తప్పనిసరి కావాలంది. అంతకు ముందు ఆంధ్రదేశపు హైస్కూళ్లలో పై తరగతులకు వచ్చేసరికి రెండు దారులు ఉండేవి: కాంపోజిట్ మాథమెటిక్స్, జనరల్ మాథమెటిక్స్. కాంపోజిట్ తీసుకున్నవాడికి ఇంజనీరింగు తలుపు తెరుచుకుంటుంది. జనరల్ తీసుకున్నవాడికి ఆ తలుపు పదమూడు, పద్నాలుగేళ్లకే మూసుకుపోతుంది. ఆడపిల్లకు జనరల్ చాల్లే అనుకున్న ఇళ్లు ఎన్నో. కొఠారి మాట ఆ తలుపు మీద కొట్టిన పెద్ద దెబ్బ. అందుకు ఆ కమిషన్‌కు ఎంత మొక్కినా తక్కువే.

ఆపైన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టెన్త్ రాసిన తరాలకు గణితం అనగానే గుర్తొచ్చేవి రెండు పేపర్లు. మొదటి పేపరు మొదటి పాఠం ప్రవచనాలు-సమితులు. ఆ తర్వాత ప్రమేయాలు, బహుపదులు, లీనియర్ ప్రోగ్రామింగ్, శ్రేఢులు. రెండో పేపరులో రేఖాగణితం, త్రికోణమితి, మాత్రికలు, సాంఖ్యక శాస్త్రం, చివర కంప్యూటర్ గురించి ఒక పాఠం. కాగితం మీద చూస్తే ఇంత ఆధునికమైన సిలబస్ ఎక్కడా దొరకదు. యుద్ధకాలపు సరుకుల రవాణా లెక్కల్లో పెరిగిన లీనియర్ ప్రోగ్రామింగ్ పదిహేనేళ్ల పిల్లల చేతికి వచ్చింది. ఎక్కువ ఎరువు ఎక్కడ వేయాలి, ఏ పంట ఎన్ని ఎకరాలు అని ఊళ్లో రైతు తలపట్టుకునే సమస్యే అది. బడిలో మాత్రం అది ఐదు మార్కుల గ్రాఫుగా మారింది. గీతలు రెండు, శీర్షాలు నాలుగు, వాటి విలువలు వేసి పెద్దది చూసుకుని గడి కట్టడం. సత్య విలువల పట్టికలో టీలూ ఎఫ్‌లూ ఏ వరసలో వస్తాయో కంఠతా. థేల్స్ సిద్ధాంతం, పైథాగరస్ సిద్ధాంతం మారి మారి వస్తాయి గనక ఈసారి ఏది వస్తుందోనని పందెం. గైడ్లు అమ్మే దుకాణాలకు యూక్లిడ్ నాటి కాలమే మళ్లీ వచ్చింది.

నేర్పినవాళ్లను తప్పు పట్టాల్సిన పని లేదు. అరవై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాలు, ఊరంతా అడిగే ప్యాస్ శాతం. ఆ మూడింటి మధ్య ఏ మాస్టారూ ప్రమేయం అంటే ఏమిటో నెమ్మదిగా విప్పి చెప్పలేడు. తప్పు ఎక్కడుందో చూడాలంటే చివరి పరీక్షను చూడాలి. 1986లో ఇంజనీరింగు ప్రవేశపరీక్ష ఎంసెట్ వచ్చాక ఆ చివరి పరీక్ష ఇంకా దూరం జరిగి ఇంకా కఠినమైంది. ఇటీవలి పేపరు తీరు ఇది: మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం, అంటే 80, గణితానివి. ఒక్కో ప్రశ్నకు 68 సెకన్లు కూడా రావు. హంగరీ గణితవేత్త జార్జ్ పోయా 1945లో రాసిన పుస్తకంలో సమస్య సాధనకు నాలుగు మెట్లు చెప్పాడు: అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, అమలు చేయి, వెనక్కి తిరిగి చూసుకో. అరవై ఎనిమిది సెకన్లలో మూడో మెట్టుకే దిక్కు లేదు. ఎంపీసీ చదివే ఊరూవాడా, ఆరో తరగతి నుంచే ‘ఫౌండేషన్’ పేరుతో సాగే శిక్షణ, దాని వెంబడి అమెరికా దాకా వెళ్లిన తెలుగు ఇంజనీర్లు ఇదంతా ఈ పరీక్ష కట్టిన ఇల్లే. వేలాది కుటుంబాలను పేదరికం నుంచి బయటికి తెచ్చిన ఇల్లు. కాదనకూడదు. కానీ ఆ ఇంట్లోకి రాలేకపోయిన పిల్లలు గణితం నుంచి తీసుకెళ్లింది భయం ఒక్కటే.

ఈ భయాన్నే 2005లో జాతీయ విద్యా ప్రణాళిక చట్రం కోసం గణితంపై రాసిన పత్రం ముందు పెట్టింది. చెన్నై గణితశాస్త్ర సంస్థకు చెందిన ఆర్. రామానుజం ఆ బృందానికి నాయకుడు. పిల్లల ఆలోచనా తీరునే గణితమయం చేయడం ముఖ్య లక్ష్యమని ఆ పత్రం చెప్పింది. పోయా మాటనే ఆధారం చేసుకుని, సంపాదనకు పనికొచ్చే మనిషిని తయారుచేయడం మంచి లక్ష్యమే కానీ చిన్నదని, బిడ్డ లోపలి శక్తులను పెంచడం దానికంటే పెద్దదని వివరించింది. 2011లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్రం రాసుకుంది. దాని ప్రకారం వచ్చిన కొత్త టెన్త్ పుస్తకంలో ప్రవచనాలు పోయాయి, మాత్రికలు పోయాయి, లీనియర్ ప్రోగ్రామింగ్ పోయింది. వాస్తవ సంఖ్యలు, సంభావ్యత, క్షేత్రమితి, త్రికోణమితి అనువర్తనాలు వచ్చాయి. ప్రతి పాఠంలో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అనే చోటు పెట్టారు. పుస్తకం బాగానే వచ్చింది. ఇంటి పన్ను రసీదు లెక్క కట్టో, ఊరి చెరువు గట్టు ఎత్తు కొలిచో రాసే ప్రాజెక్టు పని నిజంగా చేయించిన బడుల్లో పిల్లల ముఖాలు వేరుగా ఉన్నాయి. ప్రాజెక్టు పుస్తకాలను స్టేషనరీ దుకాణంలో కొనుక్కొచ్చిన బడులూ ఉన్నాయి.

జనరల్, కాంపోజిట్ వేరుచేసిన గీత ఈలోగా ఇంకోవైపు నుంచి తిరిగొచ్చింది. 2020 మార్చి పరీక్షల నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతిలో గణితాన్ని రెండు స్థాయిల్లో పెట్టింది: బేసిక్, స్టాండర్డ్. పుస్తకం ఒకటే, పాఠం ఒకటే, ప్రశ్నపత్రమే వేరు. భయపడే పిల్లకు ఊపిరి పీల్చుకునే చోటు దొరకాలన్నది దాని ఉద్దేశం, ఉద్దేశంలో తప్పు లేదు. పదకొండో తరగతిలో గణితం తీసుకోవాలంటే స్టాండర్డ్ ప్యాసై ఉండాలన్నది మొదట పెట్టిన నియమం. కరోనా ఏడాదిలో దాన్ని సడలించారు. పద్నాలుగేళ్ల వయసులో, ఫారం నింపే రోజున, ఏ ఇంటి పిల్లలు బేసిక్ గడిలో టిక్కు పెడుతున్నారో, వాళ్లలో ఆడపిల్లలెందరో, తెలుగు మీడియం నుంచి మారినవాళ్లెందరో ఏటేటా బోర్డు బయటపెట్టాలి. కొఠారి కమిషన్ తెరిచిన తలుపు ఎంత తెరిచి ఉందో కొలవడానికి ఆ జాబితాకు మించిన పరికరం ప్రస్తుతానికి లేదు.